ఆపద పెట్టెకు అరకొర కొలత చాలదు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. నిజాంపట్నం హార్బరులో, చీరాల వాడరేవులో, కొత్తపట్నం ఒడ్డున ఆ రెండు నెలలూ బోట్లకు రంగులు పడతాయి, ఇంజన్లు విప్పుతారు, చిరిగిన వలలు బాగుచేసుకుంటారు. సరంగుకు తీరిక దొరికేది అప్పుడే. ఆ తీరికలో చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కేబిన్‌లో ఓ మూల తగిలించి, ఏడాది పొడుగునా ఎవరూ ముట్టుకోని చిన్న పెట్టె. ఆపద వచ్చినప్పుడు మీట నొక్కితే ఉపగ్రహానికి కబురు పంపే ట్రాన్స్‌మిటర్. దాని లోపలి బోర్డులను కొలిచి, సరిచేసి, మళ్ళీ కొలిచే పని గురించి ఇవాళ మాట్లాడతాను. చాలా ఏళ్ళు పిల్లలకు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ పని మన గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో, మన పిల్లల చేతులమీదుగా జరగాలన్నది నా కోరిక.

ఈ తీరానికి అలాంటి పెట్టె ఎందుకో వివరించి చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న తుపాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. ఉప్పెన దివిసీమను ముంచేసింది. వేల మంది పోయారు. 1990 మే నెలలో మరో పెద్ద తుపాను వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇప్పుడు పెద్ద తుపాన్లకు ముందే హెచ్చరికలు వస్తున్నాయి, బోట్లు ముందే ఒడ్డుకు చేరుతున్నాయి. అది మనం సాధించుకున్న మంచి మార్పు. కానీ సముద్రంలో ప్రాణం మీదికి రావడానికి తుపానే రానక్కర్లేదు. నడిసంద్రంలో ఇంజను ఆగిపోవచ్చు. అడుగు చెక్క విడిపోయి నీళ్ళు రావచ్చు. రాత్రిపూట పెద్ద ఓడ గుద్దేయవచ్చు. తీరం నుంచి కొంతదూరం పోయాక సెల్‌ఫోనుకు సిగ్నల్ ఉండదు. వీహెచ్‌ఎఫ్ సెట్టు ఉన్నా, దాని మాట చేరేంత దూరంలో ఇంకో బోటు ఉండాలి. అది కూడా లేనప్పుడు మిగిలేది ఈ పెట్టె ఒక్కటే.

ఇలాంటి పెట్టెలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ప్రపంచమంతటా వాడేది, 406 మెగాహెర్ట్జ్ బీకన్. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కలిసి కోస్పాస్-సార్సాట్ అనే వ్యవస్థకు ఒప్పందం చేసుకున్నాయి. ఆ నాలుగు దేశాల్లో రెండు వైపులవాళ్ళకూ ఆ రోజుల్లో ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఆపదలో ఉన్న మనిషి కోసం ఒకే వ్యవస్థకు కట్టుబడ్డారు. 1982 జూన్‌లో సోవియట్ ఉపగ్రహం కాస్మాస్-1383 ఎగిరింది. అదే సెప్టెంబరు 10న కెనడా కొండల్లో కూలిన చిన్న విమానం జాడ దాని సాయంతోనే దొరికింది, ముగ్గురు బతికారు. అప్పటి నుంచి ఈ వ్యవస్థ చలవతో బయటపడినవాళ్ళు యాభై వేలకు పైమాటే. మన దేశంలో దీని నియంత్రణ కేంద్రం బెంగళూరులో, ఇస్రో ఆధ్వర్యంలో ఉంది. ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్ అంటారు.

రెండోది మత్స్యకారుల కోసమే ఇస్రో రూపొందించిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. డాట్ అని పిలుస్తారు. 2010 నుంచి వాడుకలో ఉంది. ఇరవై వేలకు పైగా సెట్లు దేశమంతటా తీరప్రాంతాల్లో ఉన్నాయని ఇస్రో ప్రకటించింది. ఇది మన సమాచార ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికే కబురు అందిస్తుంది. 2024 జనవరిలో రెండో తరం డాట్ వచ్చింది. మన నావిక్ ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదీ తెలుసుకోవడమే కాకుండా, కబురు అందింది, సాయం వస్తోంది అని తిరుగు జవాబు కూడా అందుకుంటుంది. బ్లూటూత్‌తో ఫోనుకు కలిపి, ఆ సందేశాన్ని తమ భాషలో చదువుకోవచ్చు. నీళ్ళల్లో తేలుతూ ఎదురుచూసే మనిషికి ఆ జవాబు ఎంత ధైర్యమో ఊహించండి.

ఇక లోపలి సంగతి. 406 పెట్టెనే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని ప్రమాణాలన్నీ బహిరంగంగా అచ్చయి ఉన్నాయి. మీట నొక్కాక అది సుమారు 50 సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు మాత్రమే పలుకుతుంది. పలికే బలం 5 వాట్లు. ఆ అర సెకనులో మొదటి 160 మిల్లీసెకన్లు ఏ సమాచారమూ లేని శుద్ధమైన క్యారియర్. తర్వాత సెకనుకు 400 బిట్ల వేగంతో తన గుర్తింపు సంఖ్య, దేశపు కోడు పంపుతుంది. భారతదేశం కోడు 419. సరిగ్గా 50 సెకన్లకే పలికితే రెండు బోట్ల పెట్టెలు ఒకేసారి మొదలైనప్పుడు ప్రతిసారీ ఒకదాని మాట మీద ఒకటి పడిపోతుంది. అందుకని 47.5 నుంచి 52.5 సెకన్ల మధ్య విరామాన్ని కావాలనే మారుస్తూ పోతుంది. ఈ ఆలోచన చేసినవాళ్ళకు నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను.

పెట్టెలో జీపీఎస్ ఉంటే తానున్న చోటు తానే చెబుతుంది. జీపీఎస్ లేకపోయినా, ఉండి ఉపగ్రహాలు దొరక్కపోయినా, చోటును బయటినుంచి కనిపెట్టాలి. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. అది దగ్గరికి వస్తున్నప్పుడు దానికి పెట్టె ఫ్రీక్వెన్సీ అసలుదానికన్నా ఎక్కువగా వినిపిస్తుంది, దాటిపోతున్నప్పుడు తక్కువగా. రైలు కూత స్టేషను దాటేటప్పుడు మారడం మీరంతా విన్నదే. దీన్నే డాప్లర్ మార్పు అంటారు. 406 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ మార్పు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఎప్పుడు ఎంత వేగంగా మారిందో చూసి, పెట్టె ఉపగ్రహం దారికి ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. ఉపగ్రహం కనిపించే సమయం మహా అయితే 15 నిమిషాలు. ఇప్పుడు జీపీఎస్, గెలీలియో లాంటి ఎత్తైన ఉపగ్రహాలు కూడా ఈ పనిలోకి వచ్చాయి. వాటి లెక్కలో సంకేతం చేరిన సమయంతోపాటు ఫ్రీక్వెన్సీ కూడా ఆధారం.

ఇక్కడే అసలు సంగతి ఉంది. పెట్టె ఫ్రీక్వెన్సీ మొత్తంగా ఒక కిలోహెర్ట్జ్ పక్కకు ఉంటే పెద్ద నష్టం లేదు. గ్రౌండ్ స్టేషను కంప్యూటరు దాన్ని లెక్కలో సర్దుకుంటుంది. ఉపగ్రహం వింటున్న ఆ కొద్ది నిమిషాల్లో ఫ్రీక్వెన్సీ జారిపోతూ ఉంటే మాత్రం సర్దుకోలేదు. ఏది ఉపగ్రహపు వేగం వల్ల వచ్చిన మార్పో, ఏది పెట్టె సొంత జారుడో దానికి తెలియదు. లెక్క కట్టిన చోటు కిలోమీటర్ల కొద్దీ పక్కకు పోతుంది. అలల మీద మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. కోస్ట్‌గార్డు విమానం వెతికే చోటు ఎంత పెరిగితే అతను నీళ్ళలో అంతసేపు ఉండాలి.

గుంటూరు మిర్చి యార్డులో కాటా సంగతి తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాటా ఎప్పుడూ అరకిలో ఎక్కువే చూపిస్తుందని తెలిస్తే ప్రతి టిక్కీకీ అరకిలో తీసేసి లెక్క రాసుకోవచ్చు. తూస్తుండగానే అంకె జారుతుంటే ఏ రైతూ దాన్ని ఒప్పుకోడు. ఇప్పుడు ఈ పెట్టె నుంచి అడిగే నిలకడ ఎంతో చెబుతాను. నిమిషానికి వంద కోట్లలో ఒక వంతుకు మించి జారకూడదు. 40 కిలోల మిరప టిక్కీ తీసుకోండి. అందులో వంద కోట్లో వంతు అంటే ఒక్క మిరప గింజ బరువులో నూరో వంతు కూడా రాదు. 406 మెగాహెర్ట్జ్‌లో అది అర హెర్ట్జ్ కన్నా తక్కువ. అంత నిలకడ ఉన్న సంకేతాన్ని, బోటు కేబిన్‌లో ఎండకు ఎండి, ఉప్పుగాలికి నాని, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న పెట్టె, పిలిచిన క్షణాన ఇవ్వాలి.

సెట్టు మీద టెస్టు మీట నొక్కితే చిన్న దీపం వెలుగుతుంది. చాలామంది దాంతో తృప్తిపడతారు. ఆ దీపం అవసరమైనదే, నెలకోసారి చూసుకోవాలి కూడా. కానీ అది చెప్పేది బ్యాటరీ ఉంది, లోపలి భాగాలు పనిచేస్తున్నాయి అన్నంతవరకే. ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉందో లేదో, 5 వాట్లు నిజంగా ఏరియల్ దాకా చేరుతున్నాయో లేదో ఆ దీపానికి తెలియదు. దానికి బల్ల కావాలి, కొలిచే పరికరాలు కావాలి, వాటిని నడిపే చెయ్యి కావాలి.

ఆ చెయ్యి మన ప్రాంతానికి కొత్తది కాదు. గుంటూరులో, చిలకలూరిపేటలో, ఒంగోలులో రేడియో మెకానిక్కుల దుకాణాలు ఒకప్పుడు కళకళలాడేవి. పత్తి అమ్మిన డబ్బుతో రైతు మొదట కొన్నది రేడియో. అది గరగరమంటే దుకాణానికి తెచ్చేవాడు. మెకానిక్ వెనక అట్ట తీసి, 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ క్యాన్లలో కోరును ఓ పిసరు అటు, ఓ పిసరు ఇటు తిప్పి, విజయవాడ కేంద్రం గొంతు స్పష్టంగా వచ్చేలా చేసేవాడు. అలైన్‌మెంటు అంటే అదే. ఆ తిప్పే పుల్ల ఇనుముది కాకూడదని ఆయనకు అనుభవం నేర్పింది. ఇనుప స్క్రూడ్రైవరు పెడితే కాయిలు విలువే మారిపోతుంది, పుల్ల బయటికి తీయగానే చేసిన సర్దుబాటు పోతుంది. ప్లాస్టిక్ పుల్లో, ఎముక పుల్లో వాడేవాళ్ళు. 455 కిలోహెర్ట్జ్ దగ్గరే అంత జాగ్రత్త అవసరమైతే, దానికి దాదాపు తొమ్మిది వందల రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర ఏమవుతుందో చూడండి. ఫ్రీక్వెన్సీని సర్దే ట్రిమ్మర్ మీదికి చెయ్యి వంగితే చాలు, మీటరు కదులుతుంది. అందుకే సిరామిక్ మొనతో తిప్పాలి, ఒక్క పిసరు తిప్పి చెయ్యి వెనక్కి తీసుకోవాలి, అంకె నిలబడేదాకా ఆగాలి, అప్పుడు చదవాలి. తొందరపడే మనిషికి ఈ పని రాదు.

బల్ల మీద మొదట చూడాల్సింది బ్యాటరీ. ఊరికే మీటరు పెడితే ముసలి బ్యాటరీ కూడా నిండు వోల్టేజి చూపిస్తుంది. 5 వాట్లు పంపే ఆ అర సెకనులో దాని నుంచి పెట్టె ఒక్కసారిగా ఆంపియరు దాటిన కరెంటు లాగుతుంది. అప్పుడు వోల్టేజి ఎంత కుంగిందో చూడాలి. కుంగితే బలం తగ్గడం ఒక్కటే కాదు, ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటరు మీద కూడా ఆ కుంగుబాటు పడి ఫ్రీక్వెన్సీ కదులుతుంది. బోర్డు తప్పేమో అనుకుని ట్రిమ్మర్లు తిప్పుకుంటూ పోతే మంచి బోర్డును చెడగొట్టినవాళ్ళమవుతాం.

తర్వాత ఆసిలేటరు. ఈ పెట్టెకు ప్రాణం ఒక క్వార్ట్జ్ క్రిస్టల్. అది 406 దగ్గర నేరుగా కంపించదు. సుమారు 12.69 మెగాహెర్ట్జ్ దగ్గర కంపిస్తుందనుకుందాం, దాన్ని ముప్ఫై రెండు రెట్లు చేస్తే 406 దగ్గరికి వస్తుంది. అంటే క్రిస్టల్ దగ్గర పది హెర్ట్జ్ తేడా ఉంటే ఏరియల్ దగ్గర 320 హెర్ట్జ్ తేడా. దీన్ని కొలవడానికి ఫ్రీక్వెన్సీ కౌంటరు పెడతాం. ఆ కౌంటరు లోపల ఉన్నదీ ఒక క్రిస్టలే. అది పది లక్షల్లో ఒక వంతు తప్పితే, 406 దగ్గర 406 హెర్ట్జ్ తప్పు చదువుతుంది. అర హెర్ట్జ్ నిలకడను చూడాలనుకునేవాడి చేతిలో అలా తానే జారిపోయే కౌంటరు ఉంటే ప్రయోజనమేముంది? యార్డులో కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖవాళ్ళు ముద్ర వేస్తారు కదా. కౌంటరుకు కూడా అలాంటి ముద్ర కావాలి.

ఆ ముద్ర ఎక్కడినుంచి వస్తుంది? మన దేశంలో కాలానికి, ఫ్రీక్వెన్సీకి మూలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడి సీసియం గడియారాలే భారత ప్రామాణిక కాలాన్ని నిలబెడతాయి. ఒకప్పుడు ఆ ప్రయోగశాల ఏటీఏ అనే పేరుతో 10 మెగాహెర్ట్జ్ మీద కాల సంకేతాలు ప్రసారం చేసేది. షార్ట్‌వేవ్ సెట్టులో దాన్ని పట్టుకుని, మన ఆసిలేటరును దాని పక్కన పెట్టి వింటే రెండిటి తేడా చెవికి చప్పుడుగా వినిపించేది. తేడా తగ్గే కొద్దీ ఆ చప్పుడు లోతుకు దిగి, చివరికి ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం దగ్గర ట్రిమ్మర్ వదిలేయాలి. చెవితో చేసే కాలిబ్రేషన్ అది, ఎంతో అందమైన పద్ధతి. ఇప్పుడు జీపీఎస్ ఉపగ్రహాల్లోని అణు గడియారాలకు కట్టేసిన 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్సు ఒక పుస్తకమంత పెట్టెలో దొరుకుతోంది. దాన్ని కౌంటరు వెనక తగిలించాలి. రెండూ కలిపి కొన్ని గంటలపాటు వెచ్చబడనివ్వాలి. పరికరం ఆన్ చేసిన వెంటనే తీసిన కొలత కొలత కిందికి రాదు.

క్రిస్టల్‌కు పెద్ద శత్రువు వేడి. వేట నిషేధం రోజులు ఏ రోజులో మనకు తెలుసు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ కార్తె ఈ రెండు నెలల్లోనే వస్తుంది. రెంటచింతల ఉష్ణోగ్రత ప్రతి వేసవిలోనూ వార్తల్లోకి ఎక్కుతుంది. బయట 45 డిగ్రీలుంటే రేకు కప్పిన కేబిన్ లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. అక్కడ ఉడుకుతున్న పెట్టె ఒక్కసారిగా నీళ్ళల్లో పడితే దాని చుట్టూ వేడి పదిహేను, ఇరవై డిగ్రీలు పడిపోతుంది. లోపలి క్రిస్టల్ నెమ్మదిగా చల్లబడుతున్నంతసేపూ ఫ్రీక్వెన్సీ జారుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలిసే ప్రమాణాల్లో ఒక కఠినమైన పరీక్ష పెట్టారు. పెట్టెను 30 డిగ్రీల తేడా ఉన్న చోటికి హఠాత్తుగా మార్చి ఆన్ చేస్తారు. 15 నిమిషాలు గడిచేసరికల్లా అది నిలకడకు రావాలి. దీనికోసం క్రిస్టల్ పక్కనే వేడిని పసిగట్టి సవరించే సర్క్యూటు పెడతారు, లేదా క్రిస్టల్‌ను ఒక చిన్న వేడి గదిలో ఉంచి బయట వాతావరణంతో సంబంధం లేకుండా చేస్తారు. బోర్డు మీద ఎక్కడైనా కొత్తగా టంకం వేస్తే ఆ వేడి తిన్న క్రిస్టల్ కుదుటపడటానికి వ్యవధి పడుతుంది. టంకం వేసిన పూటే కాలిబ్రేషన్ చేసి మూత బిగించే అలవాటు మంచిది కాదు.

అసలు పరీక్షకు సున్నాకు ఇరవై డిగ్రీల కింద నుంచి 55 డిగ్రీల దాకా తీసుకెళ్ళే ఛాంబరు కావాలి. అది ప్రయోగశాలల్లోనే ఉంటుంది. కానీ విద్యార్థికి ఈ సంగతి కళ్ళకు కట్టించడానికి గుంటూరులో అంత దూరం పోనక్కర్లేదు. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల్లో చలి ఐదారు డిగ్రీల దగ్గర ఉంటుంది, గుమ్మం బయట మే నెల ఎండ. ఒక మామూలు క్రిస్టల్ ఆసిలేటరును తేమ తగలకుండా కవరులో మూసి, ఆ చలిలోంచి ఈ ఎండలోకి తెచ్చి, నిమిషం నిమిషానికీ ఫ్రీక్వెన్సీ రాసుకుని గీత గీస్తే, పాఠ్యపుస్తకంలోని వంపు అతని కాగితం మీదే కనిపిస్తుంది. తన చేత్తో ఆ గీత గీసిన పిల్లవాడు వేడి అనే మాటను ఇక తేలిగ్గా తీసుకోడు.

ఫ్రీక్వెన్సీ కుదిరాక మాడ్యులేషన్, అంటే క్యారియర్ మీద సమాచారాన్ని ఎక్కించే పద్ధతి. ఫేజు ఎంత ఊగాలో, ఎంత వేగంగా మారాలో ప్రమాణంలో ఉంది, అటు 1.1 రేడియన్లు, ఇటు 1.1 రేడియన్లు. ఈ భాగం ఈ రోజుల్లో చిప్పు లోపలే స్థిరంగా జరిగిపోతుంది, చూసి ముందుకు పోవచ్చు.

ఆగి చూడాల్సింది పవర్ యాంప్లిఫయర్ దగ్గర. దాని బయటి కొనకు ఏరియల్ బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడు తగిలిస్తాం. స్పెక్ట్రమ్ ఎనలైజరు పెట్టేముందు మధ్యలో బలాన్ని తగ్గించే అటెన్యుయేటరు తప్పనిసరి. 5 వాట్లు నేరుగా తగిలితే లక్షల ఖరీదైన ఎనలైజరు ముందు భాగం కాలిపోతుంది. ఇప్పుడు అంకె 4 వాట్లు చూపించిందనుకోండి. కొత్తవాడు వెంటనే ట్రిమ్మర్ తిప్పి 5కు తెస్తాడు. ఆ కొలతలో కేబులు తిన్నదెంతో అతను చూడలేదు. ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సన్నపాటి కేబులు రెండు మూడు మీటర్లుంటే ఒక డెసిబెల్ దాకా తినేస్తుంది. ఒక డెసిబెల్ అంటే బలంలో అయిదో వంతు. పెట్టె నిజంగా 5 వాట్లే ఇస్తోంది, కేబులు ఒక వాటు మింగింది. దాన్ని పట్టించుకోకుండా 5 చూపించేదాకా తిప్పితే యాంప్లిఫయరు మీద మోతాదుకు మించిన భారం పడుతుంది, వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రెట్టింపు ఫ్రీక్వెన్సీలో, 812 మెగాహెర్ట్జ్ దగ్గర, అక్కర్లేని రెండో హార్మోనిక్ కూడా తల ఎత్తుతుంది. అందుకే ముందు కేబులును, అటెన్యుయేటరును, కనెక్టరును విడివిడిగా కొలిచి, ఆ నష్టాన్ని కాగితం మీద రాసి, బల్ల ఎదుట అతికించుకోవాలి. నేను చూసిన మంచి పనివాళ్ళందరి బల్ల దగ్గరా అలాంటి కాగితం ఉంది.

ఇంకో సంగతి. మూత తీసి సరిచేసిన బోర్డు మూత వేయగానే మారిపోతుంది. షీల్డు రేకు కాయిళ్ళ దగ్గరికి వస్తుంది కాబట్టి. ఉప్పుగాలికి తట్టుకోవాలని బోర్డు మీద పూసే లక్కలాంటి పూత కూడా ఎండాక ఓ పిసరు కదుపుతుంది. కాబట్టి చివరి కొలత ఎప్పుడూ పూత ఎండి, మూత బిగించి, రబ్బరు రింగు కూర్చున్నాక తీసినదే. పత్తి నూగు, మిరప ధూళి గాలిలో తిరిగే మన ఊళ్ళలో పని బల్ల మీద గుడ్డ కప్పి ఉంచాలి. తేమ పట్టిన ధూళి కనెక్టరులో చేరితే దాన్ని తుడిచేదాకా ఏ కొలతా నిలవదు.

ఏరియల్ గురించి మాట్లాడాలంటే నేల గురించి కూడా మాట్లాడాలి. బీకన్లలో పాత రకం ఒకటుంది. విమానాలకు దిక్కు చూపడానికి మూడు నాలుగు వందల కిలోహెర్ట్జ్ దగ్గర ప్రసారం చేసే ఎన్‌డీబీ. ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం పొడవు కిలోమీటరు వరకు ఉంటుంది. అంత పొడుగు ఏరియల్ ఎవరూ కట్టలేరు. పొట్టి స్తంభం కట్టి, కింద పెద్ద కాయిలు పెట్టి, నేలలో రాగి తీగలు పరిచి సరిపెడతారు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ తరంగం సుమారు 358 మీటర్లు, దాని స్తంభం కింద కూడా భూమిలో తీగలుంటాయి. అప్పుడు నేల కూడా సర్క్యూటులో భాగమే. మన నల్లరేగడి వానాకాలంలో నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, కరెంటును బాగా పారనిస్తుంది. వేసవిలో ఎండి, బారెడు లోతు నెర్రెలిస్తుంది, నేల నిరోధం పెరుగుతుంది. అలాంటి నేలలో నిలబెట్టిన బీకన్‌ను కార్తీకంలో సరిచేసి వదిలేస్తే చైత్రానికి ఆ సర్దుబాటు పక్కకు జరిగి ఉంటుంది. ఏటా రెండు కాలాల్లో చూసుకోవాలి. పత్తి రైతుకు తెలిసిన నేల స్వభావమే ట్రాన్స్‌మిటర్ ఇంజనీరుకూ తెలిసి ఉండాలి. బోటు పెట్టెకు ఆ బాధ లేదు, దాని చిన్న ఏరియల్‌కు చుట్టూ ఉప్పునీరే ఆధారం. ఆ ఏరియల్‌ను ఇనుప కడ్డీకి ఆనించి కట్టేయకుండా, వలల కింద నలగకుండా చూసుకుంటే చాలు.

పరీక్షించేటప్పుడు పొరపాటున కూడా అసలు సంకేతం గాలిలోకి పోకూడదు. ఉపగ్రహం పరీక్షకూ ప్రమాదానికీ తేడా కనిపెట్టలేదు. బెంగళూరులో గంట మోగుతుంది, మన వైపైతే చెన్నైలోని కోస్ట్‌గార్డు రక్షణ సమన్వయ కేంద్రానికి కబురు పోతుంది, ఇంకెవరికో సాయం చేయాల్సిన విమానం మనవైపు బయల్దేరుతుంది. అందుకని డమ్మీ లోడు, లోహపు పెట్టెలో మూసిన బల్ల. సెట్టులోని టెస్టు మీట కూడా దీన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు. టెస్టులో పంపే సంకేతం మొదట్లోని తొమ్మిది బిట్ల వరుసను మార్చేస్తుంది, దాన్ని చూసి వ్యవస్థ ఇది పరీక్ష అని వదిలేస్తుంది. సీలు వేసిన పెట్టెను లైసెన్సు, శిక్షణ లేనివాళ్ళు విప్పకూడదు. ఈ నియమాన్ని పాటించాల్సిందే.

అయితే శిక్షణ ఉన్నవాళ్ళు ఇక్కడే ఎందుకు ఉండకూడదు? బాపట్లలో, చీరాలలో, గుంటూరులో, ఒంగోలులో ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి, పాలిటెక్నిక్కులున్నాయి. వేట నిషేధం రోజులూ వేసవి సెలవులూ కలిసే వస్తాయి. ఆ రెండు నెలల్లో నిజాంపట్నం హార్బరు దగ్గర ఒక గదిలో బల్ల వేసి, జీపీఎస్ రిఫరెన్సు, కౌంటరు, ఎనలైజరు పెట్టి, తయారీదారుల అనుమతితో ఒక్కో బోటు పెట్టెనూ ఒక్కసారి కొలవాలి. విప్పనక్కర్లేదు, బయటినుంచే ఫ్రీక్వెన్సీ, బలం, ఎన్ని సెకన్లకోసారి పలుకుతోందో చూడవచ్చు. తప్పినవాటిని మాత్రం సర్వీసు కేంద్రానికి పంపాలి. పరికరాలకు ఏటా ముద్ర వేయించడానికి హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ ప్రయోగశాల ఉంది. మత్స్యశాఖ, కళాశాలలు కలిసి కూర్చుంటే ఇది మోయలేని ఖర్చు కాదు. మిరపకాయ తూచే కాటాకు ఏటా పరీక్ష ఉంది. మనిషి ప్రాణానికి కాపలా కాసే పెట్టెకు కూడా అంత శ్రద్ధ దక్కాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

అంతవరకు బోటు యజమానులు, సరంగులు తామే చేసుకోగలిగినవి కొన్నున్నాయి. పెట్టె మీద బ్యాటరీ గడువు తేదీ ఉంటుంది, చూడండి, గడువు దాటితే మార్పించండి. బోటు చేతులు మారితే పెట్టె రిజిస్ట్రేషను కూడా మార్పించండి. లేకపోతే ఆపద వేళ ఫోను పాత యజమాని ఇంటికి పోతుంది. ఏరియల్ మొదట్లో పచ్చగా తుప్పు చేరిందేమో చూసి, మంచినీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవండి. బోటు ఎక్కే ప్రతి కళాసీకీ మీట ఎక్కడుందో, ఎలా నొక్కాలో చూపించండి, ఆపద వచ్చినప్పుడు సరంగే నీళ్ళల్లో ఉండవచ్చు. పొరపాటున మీట నొక్కుకుపోతే భయపడి పెట్టెను దాచేయకండి, నీళ్ళల్లో పారేయకండి. వెంటనే ఆపి, కోస్ట్‌గార్డు నంబరు 1554కు ఫోను చేసి, ఫలానా బోటు, పొరపాటున మోగింది, మేమంతా క్షేమం అని చెప్పండి. వాళ్ళు వెతుకులాట ఆపేస్తారు.